ఊళ్లకూ ఇంటిపేర్లుంటాయి: ఒకే పేరున్న నగరాలను కలగాపులగం చేయకుండా తేల్చుకోవడం

మీరు అడిగినవి రెండు. ప్రపంచంలో ఇన్ని ఊళ్లకు ఒకే పేరు ఎలా వచ్చింది? టికెట్టు కొనేటప్పుడో, పాత కాగితం చదివేటప్పుడో, అడ్రసుల జాబితా సరిచేసేటప్పుడో వాటిలో మనకు కావలసింది ఏదో పట్టుకోవడం ఎలా? మొదటిది తెలిస్తే రెండోది సగం తేలిపోతుంది కాబట్టి ఆ వరుసలోనే చెబుతాను.

ఒకే తరగతిలో ఇద్దరు రమణలుంటే ఇంటిపేరు కలిపి పిలుస్తాం. ఊళ్ల విషయంలోనూ జనం అదే చేశారు. ఒకదానికి నది పేరు, ఒకదానికి పాత రాజ్యం పేరు, ఇంకోదానికి రాష్ట్రం పేరు, ఈమధ్య మూడక్షరాల కోడు. నాకు తెలిసినంతలో ఈ గందరగోళాలన్నీ ఎవరో ఒకరు ఆ ఇంటిపేరును కత్తిరించిన చోటే మొదలవుతాయి. స్థానికులు అవసరం లేక కత్తిరిస్తారు, గుమాస్తా తొందరలో కత్తిరిస్తాడు, కంప్యూటరు గడి చిన్నదై కత్తిరిస్తుంది.

వలస వెళ్లినవాళ్లు సొంతూరి పేరు మూటగట్టుకుపోయారన్నది అందరూ చెప్పే కారణం. నిజమే గానీ, ఆ మూట ఒక్కసారి కాదు, నాలుగైదు సార్లు చేతులు మారుతుంది. రిచ్‌మండ్ సంగతే చూడండి. మూలం ఫ్రాన్స్‌లోని నార్మండీలో ఉన్న రిష్మాన్. 1066 తర్వాత ఇంగ్లండ్‌కు వచ్చిన నార్మన్లు యార్క్‌షర్‌లో కోట కట్టి ఆ పేరు పెట్టారు. ఏడో హెన్రీ రాజు కాకముందు ఆ రిచ్‌మండ్‌కు ఎర్ల్. లండన్ పక్కన షీన్‌లో ఉన్న తన భవనం 1497లో తగలబడితే తిరిగి కట్టించి తన పాత బిరుదు పేరే పెట్టాడు. 1737లో వర్జీనియాలో జేమ్స్ నది ఒడ్డున ఊరు వేసిన రెండో విలియం బర్డ్‌కు, అక్కడి నది వంపు రిచ్‌మండ్ కొండ మీంచి చూసిన థేమ్స్ వంపులా అనిపించింది. అలా నాలుగో రిచ్‌మండ్ పుట్టింది. ఈ వరుసలో ఒక్కో పేరు పెట్టిన కారణం వేరు: ఒకచోట ఊరి జ్ఞాపకం, ఒకచోట బిరుదు, ఒకచోట కంటికి కనిపించిన పోలిక.

పోర్ట్‌లండ్‌ది ఇంకా తమాషా. ఇంగ్లండ్ డోర్సెట్ తీరంలోని పోర్ట్‌లండ్ దీవి నుంచి ఆ పేరు అమెరికాలోని మేన్‌కు వెళ్లింది. 1845లో పసిఫిక్ వైపు ఆరెగన్‌లో ఒక స్థలం ఇద్దరి చేతిలో ఉంది. మేన్ నుంచి వచ్చిన పెట్టీగ్రోవ్ పోర్ట్‌లండ్ అందామన్నాడు, మసాచుసెట్స్ నుంచి వచ్చిన లవ్‌జాయ్ బోస్టన్ అన్నాడు. పైసా ఎగరేసి మూడింట రెండు గెలిచినవాడి మాట చెల్లాలనుకున్నారు. పెట్టీగ్రోవ్ గెలిచాడు. సిమెంటు బస్తా మీద కనిపించే పోర్ట్‌లండ్ మాత్రం ఈ రెండు అమెరికా ఊళ్లదీ కాదు, ఆ దీవి రాయిని పోలి ఉంటుందని పెట్టిన పేరు.

ఒకే మనిషి పేరు రెండు ఊళ్లకు పడడం ఇంకో రకం. కెనడా నోవా స్కోషియాలోని సిడ్నీ 1785లో, ఆస్ట్రేలియా సిడ్నీ 1788లో మొదలయ్యాయి. రెండూ అప్పటి బ్రిటిష్ మంత్రి లార్డ్ సిడ్నీ పేరు మీదే. మూడేళ్ల తేడాతో ఒకే అధికారిని మెప్పించబోయి పెట్టిన పేర్లకు ఇప్పటికీ విమాన ప్రయాణికులు మూల్యం చెల్లిస్తున్నారు.

దీనికి ఎదురు ఉదాహరణ హామిల్టన్. బెర్ముడా రాజధాని, కెనడా ఒంటారియోలోని నగరం, న్యూజిలాండ్ నగరం మూడూ హామిల్టన్లే. కానీ మొదటిది గవర్నర్ హెన్రీ హామిల్టన్, రెండోది జార్జ్ హామిల్టన్, మూడోది నౌకాదళ కెప్టెన్ జాన్ హామిల్టన్ పేరిట. వర్జీనియాలోని అలెగ్జాండ్రియాను చూసి అలెగ్జాండర్ చక్రవర్తిని తలచుకోవద్దు, అది ఆ భూమి సొంతదారులైన అలెగ్జాండర్ కుటుంబం పేరు. ఒంటారియోలోని పారిస్‌కు ఫ్రాన్స్ మీద మోజు కారణం కాదు. అక్కడ జిప్సం గనులున్నాయి, జిప్సంతో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చేస్తారు, అంతే. పేరు ఒక్కటైతే బంధుత్వం ఉంటుందనుకోవడం ఈ రంగంలో మొదటి పొరపాటు.

'కొత్త ఊరు' అనే పేరు ఎన్ని భాషలున్నాయో అన్నిసార్లు పుట్టింది. గ్రీకులో నియాపోలిస్ అన్నారు, అదే ఇటలీలో నేపుల్స్, పాలస్తీనాలో నాబ్లుస్ అయింది. జర్మన్ నోయ్‌ష్టాట్, ఫ్రెంచ్ విల్‌నవ్, రష్యన్ నోవ్‌గరద్ అన్నీ ఆ అర్థమే. నాకు అన్నిటికంటే నచ్చింది కార్తహేనా. ఫినీషియన్ భాషలో కర్త్ హదష్త్ అంటే కొత్త ఊరు, అది ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్. స్పెయిన్‌లో అదే పేరున్న ఊరిని వేరు చేసి చెప్పడానికి రోమన్లు కార్తాగో నోవా అన్నారు, అంటే 'కొత్త కొత్త ఊరు'. అది స్పానిష్‌లో కార్తహేనా అయి, 1533లో అట్లాంటిక్ దాటి కొలంబియాలో కార్తహేనా దె ఇందియాస్‌గా స్థిరపడింది. రెండున్నర వేల ఏళ్లకు పైబడిన పేరు, ఇప్పటికీ కొత్తదే.

స్పానిష్ అమెరికాలో పద్ధతి స్పష్టంగా కనిపిస్తుంది. ముందు ఒక సెయింట్ పేరు, వెనక ఆ నేల పేరు: శాన్ మిగెల్ దె తుకుమాన్, శాంతియాగో దె కెరెతారో. సెయింట్లు పరిమితం కాబట్టి ముందు భాగం పదేపదే వస్తుంది, ఊరిని గుర్తుపట్టించేది వెనక భాగమే. శాంతియాగో అని ఆగిపోతే చిలీ రాజధాని, స్పెయిన్‌లోని కొంపొస్తెలా, క్యూబా నగరం, డొమినికన్ రిపబ్లిక్ నగరం, అర్జెంటీనాలోని దెల్ ఎస్తెరో అయిదూ వరుసలో నిలబడతాయి. కొలంబియా రాజధాని బొగొటాలో దీనికి తిరగబడింది జరిగింది. పాత పేరు శాంతా ఫే దె బొగొటాలో శాంతా ఫే రాలిపోయి, వెనకున్న స్థానిక పేరే మిగిలింది.

ఇక పనిలోకి వద్దాం.

విమానం టికెట్టు కొనేటప్పుడు ఊరి పేరు చదవడం మానేసి విమానాశ్రయపు మూడక్షరాల కోడు చదవండి. ఆస్ట్రేలియా సిడ్నీ ఎస్‌వైడీ, కెనడా సిడ్నీ వైక్యూవై. కెనడా విమానాశ్రయాల కోడ్లు చాలావరకు 'వై'తో మొదలవుతాయి కాబట్టి, మీరు వెళ్లేది కెనడా కానప్పుడు ముందు 'వై' కనిపిస్తే అక్కడే ఆగండి. శాన్ హోసేలలో కాలిఫోర్నియాది ఎస్‌జేసీ, కోస్టారికాది ఎస్‌జేఓ. చివరి అక్షరం ఒక్కటే తేడా, కన్ను జారడానికి అది చాలు. బర్మింగ్‌హామ్ ఇంగ్లండ్‌లో బీహెచ్ఎక్స్, అలబామాలో బీహెచ్ఎం. మెల్‌బోర్న్ ఆస్ట్రేలియాలో ఎంఈఎల్, ఫ్లోరిడాలో ఎంఎల్‌బీ. పోర్ట్‌లండ్ ఆరెగన్‌లో పీడీఎక్స్, మేన్‌లో పీడబ్ల్యూఎం. హైదరాబాద్ భారత్‌లో హెచ్‌వైడీ, పాకిస్తాన్ సింధ్‌లో హెచ్‌డీడీ.

వెతికే గడిలో పేరుకు బదులు నేరుగా కోడే కొట్టండి. పేరు కొడితే కిందికి జారే జాబితాలో మొదటిది నొక్కేయడం అలవాటు, తప్పులు పుట్టేది ఎక్కువగా అక్కడే. డబ్బు కట్టే ముందు సారాంశం పేజీలో మూడు చూడండి: కోడు, దేశం, మొత్తం ప్రయాణ సమయం. ఐరోపా నుంచి ఆస్ట్రేలియా సిడ్నీకి దాదాపు ఒక పగలూ రాత్రీ పడుతుంది. పన్నెండు పద్నాలుగు గంటల్లో, టొరంటోలోనో హాలిఫాక్స్‌లోనో విమానం మారి చేరిపోతున్నారంటే మీరు వెళుతున్నది మంచు కురిసే సిడ్నీకి. ధర మరీ చవగ్గా ఉండడం కూడా హెచ్చరికే. 2017లో నెదర్లండ్స్ విద్యార్థి ఒకరు సరిగ్గా ఆ చవక చూసే కొని కెనడాలో దిగారు. కొన్నాక తప్పు తెలిస్తే మొదటి 24 గంటలే విలువైనవి. అమెరికాకు వెళ్లే, అక్కడి నుంచి బయలుదేరే విమానాలకు కనీసం 7 రోజుల ముందు విమానయాన సంస్థ దగ్గర నేరుగా బుక్ చేస్తే, 24 గంటల్లోపు రద్దుకు పూర్తి డబ్బు తిరిగివ్వాలి, లేదా డబ్బు కట్టకుండానే అంతసేపు ఆ ధర పట్టి ఉంచాలి అన్నది అక్కడి నిబంధన. మిగతా చోట్ల టికెట్టు షరతులే దిక్కు. చివరి అవకాశం చెక్‌ఇన్ దగ్గర: బ్యాగుకు కట్టే ట్యాగు మీద పెద్దక్షరాల కోడు చదవకుండా బ్యాగును బెల్టు మీదికి వదలకండి.

ఫోన్లో బుక్ చేస్తే ఉచ్చారణ కూడా మోసం చేస్తుంది. స్పెయిన్‌లోని గ్రనాడా జీఆర్ఎక్స్, కరీబియన్ దేశం గ్రెనడా జీఎన్‌డీ. 1985లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌కు వెళ్లాల్సిన ఒక ప్రయాణికుడు న్యూజిలాండ్ ఆక్లండ్ విమానం ఎక్కేశాడు. పైగా అమెరికాలో దిగుమతి పేర్లు చాలాచోట్ల వేరే రకంగా పలుకుతారు: న్యూయార్క్ రాష్ట్రంలోని ఢిల్లీ 'డెల్‌హై', ఒహాయోలోని లీమా 'లైమా', కెంటకీలోని వెర్సాయ్ 'వర్‌సేల్స్'. ఫోన్లో అక్షరాలు విడివిడిగా చెప్పించుకోవడం ఒక్కటే మందు.

కెనడాలో ఇంకో జంట ఉంది. న్యూ బ్రన్స్‌విక్‌లోని సెయింట్ జాన్, న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్. మధ్య దూరం వెయ్యి కిలోమీటర్ల పైనే. అక్కడివాళ్లు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు: మొదటిదానిలో 'సెయింట్' అనే మాటను ఎప్పుడూ పూర్తిగా రాస్తారు, రెండోదానిలో కుదించి రాస్తారు. తెలుగులో రాసేటప్పుడు ఈ తేడా పూర్తిగా మాయమవుతుంది. కాబట్టి తెలుగులో రాస్తే ప్రావిన్సు పేరు తప్పదు.

ఐరోపాలో రైలుకు నది పేరే ఇంటిపేరు. ఫ్రాంక్‌ఫర్ట్ మైన్ మీద ఒకటి, ఓడర్ మీద ఒకటి, మధ్య నాలుగు వందల కిలోమీటర్లకు పైగా. హాలె ఒకటి జాలె నది మీద, ఒకటి వెస్ట్‌ఫాలెన్‌లో. జర్మన్ రైలు టికెట్ల మీద ఇవి బ్రాకెట్‌లో ఉంటాయి, అలంకారానికి కాదు. అయితే నదిని కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఒంటారియోలోని లండన్ పక్కన పారే నది పేరూ థేమ్సే, 1793లో సిమ్కో అనే గవర్నరు రెండు పేర్లూ తెచ్చి పెట్టాడు. అంటే ఇంటిపేరుతో సహా నకలు.

ఈ లండన్ల జంటలో ఉత్తరాలకు అసలైన ఉచ్చు పోస్టల్ కోడులో ఉంది. ఇంగ్లండ్ లండన్ ఉత్తర భాగంలోని హైబరీ, హైగేట్ ప్రాంతాల కోడ్లు ఎన్5, ఎన్6తో మొదలవుతాయి. కెనడా లండన్ కోడ్లూ ఎన్5, ఎన్6తోనే మొదలవుతాయి! తేడా ఆ తర్వాత వస్తుంది. కెనడా కోడులో ఎప్పుడూ అక్షరం-అంకె-అక్షరం, ఖాళీ, అంకె-అక్షరం-అంకె ఉంటాయి. ఇంగ్లండ్ కోడులో ఎన్6 తర్వాత ఖాళీ వదిలి అంకె, రెండు అక్షరాలు. అంటే ఖాళీకి ముందు మూడో గుర్తుగా అక్షరం కనిపిస్తే ఆ ఉత్తరం కెనడాది. మీరు పంపే కవరు మీద మాత్రం ఇంత పరీక్ష ఎవరికీ పెట్టకండి, చివరి వరుసలో దేశం పేరు ఒక్కటే విడిగా, పెద్దక్షరాల్లో రాస్తే చాలు.

పాత కాగితాల సంగతి వేరు. పుట్టుక రిజిస్టర్లు, ఓడ ప్రయాణికుల జాబితాలు, చర్చి పుస్తకాలు రాసినవాడికి తన ఊరు ఏదో తెలుసు, మనకు తెలియదు. జర్మన్ పత్రంలో 'నోయ్‌ష్టాట్' అని కనిపిస్తే దాని వెనక చిన్నగా, ఒక్కోసారి గీతలా కలిసిపోయి రాసిన ఒకటి రెండు అక్షరాలు వెతకండి. ఓ, ఎస్ అని ఉంటే ఎగువ సైలీషియా అనే అప్పటి జర్మన్ ప్రాంతం, ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ప్రుద్నిక్. పశ్చిమ ప్రష్యా సంక్షిప్తం ఉంటే అది ఇప్పటి వెయ్‌హెరోవో, అదీ పోలండే. ఊరు కదల్లేదు, సరిహద్దూ భాషా కదిలాయి. పత్రాన్ని నకలు రాసుకునేటప్పుడు అర్థంకాని ఆ అక్షరాలను వదిలేయడం కోలుకోలేని తప్పు. అర్థం కాకపోయినా ఉన్నది ఉన్నట్టు దించండి.

సంక్షిప్తం లేకపోతే పక్కూళ్లను పట్టుకోవాలి. అదే పేజీలో సాక్షుల ఊళ్లు, పెళ్లికూతురి ఊరు, చర్చి పరిధి, దగ్గరి కోర్టు ఏవో రాసుకోండి. అప్పటి జర్మన్ సామ్రాజ్యపు ఊళ్లకు 1912 నాటి మేయర్స్ ఊళ్ల నిఘంటువు ఉంది, ప్రతి ఊరికీ జిల్లా, కోర్టు, రైలు స్టేషను ఇస్తుంది. పేరు సరిపోయిన ప్రతి ఊరి చుట్టూ ఇరవై కిలోమీటర్ల వలయం గీసి, మీ పేజీలోని పక్కూళ్లు అందులో పడతాయో లేదో చూడండి. ఒక్క పక్కూరు కలిస్తే యాదృచ్ఛికం కావచ్చు, మూడు కలిస్తే దాదాపు తేలినట్టే. దాదాపు అని ఎందుకన్నానంటే, ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ శివార్లలో వాల్స్‌ఎండ్, జెస్మండ్ ఉన్నాయి, ఇంగ్లండ్ న్యూకాసిల్ పక్కనా అవే పేర్లు ఉన్నాయి. రెండూ బొగ్గు రేవులుగా పేరుపడ్డవే. ఇంగ్లిష్ వలస దేశాల్లో పక్కూళ్ల పద్ధతి ఒక్కటే చాలదు, తేదీ కూడా సరిచూడాలి: ఆ సంవత్సరానికి ఆ ఊరు పుట్టిందా?

ఊరి పేరు తర్వాత మారిపోయినా ఇబ్బందే. ఒంటారియోలో 1916 దాకా బెర్లిన్ అనే నగరం ఉండేది, మొదటి ప్రపంచ యుద్ధంలో దాన్ని కిచెనర్ చేశారు. 1910 నాటి కెనడా ఉత్తరం మీద బెర్లిన్ ముద్ర చూసి జర్మనీ దారి పట్టినవాళ్లు తక్కువేమీ కాదు.

అడ్రసుల డేటా సరిచేసేవాళ్లకు ఒక వరుస చూపిస్తాను. గడిలో 'సేలం, ఐఎన్' అని ఉంది. ఇండియానా రాష్ట్రంలో సేలం అనే ఊరుంది, అక్కడ ఐఎన్ ఆ రాష్ట్రపు రెండక్షరాల గుర్తు. కానీ ఐఎన్ భారతదేశపు గుర్తు కూడా, తమిళనాడులో సేలం నగరమూ ఉంది. ప్రోగ్రాము ఐఎన్‌ను దేశంగా చదివితే పార్సిలు ఖండం మారుతుంది, ఎర్రర్ ఒక్కటీ రాదు, ఎందుకంటే రెండూ నిజమైన ఊళ్లే. సీఏ కాలిఫోర్నియానా కెనడానా, డీఈ డెలవేరా జర్మనీనా, ఐఎల్ ఇల్లినాయా ఇజ్రాయెలా, జీఏ జార్జియా రాష్ట్రమా గబోనా అన్నవీ ఇదే జాతి. రాష్ట్రానికీ దేశానికీ వేర్వేరు గడులు ఉండాల్సిందే, ఒకే గడిలో కామాతో కలిపితే ముప్పు తప్పదు.

అమెరికాలో రాష్ట్రం కూడా చాలదు. విస్కాన్సిన్‌లోనే స్ప్రింగ్‌ఫీల్డ్ పేరుతో ఒకటికి మించి ఉన్నాయి, కౌంటీ (మన జిల్లా లాంటిది) ఉంటేనే తేలుతుంది. వాషింగ్టన్ అనే పేరున్న టౌన్‌షిప్పుల (కౌంటీలోని చిన్న విభాగాల) గురించి చెప్పనే అక్కర్లేదు, అన్ని ఉన్నాయి. నౌకా రవాణాలో వాడే అయిదక్షరాల యూఎన్ లోకోడులో ముందు రెండూ దేశం, వెనక మూడూ ఊరు. అలబామా బర్మింగ్‌హామ్‌కూ ఇంగ్లండ్ బర్మింగ్‌హామ్‌కూ వెనక మూడక్షరాలు ఒకటే, బీహెచ్ఎం. విమానం కోడనుకుని ముందు రెండక్షరాలు కోసేస్తే ఇంగ్లండ్ సరుకు అలబామాది అయిపోతుంది.

నా సలహా ఇది. పత్రంలో ఉన్న పేరు యథాతథంగా ఒక గడిలో, సరిచేసిన పేరు ఇంకో గడిలో, జిల్లా లేదా కౌంటీ, రాష్ట్రం, దేశం విడివిడిగా, ఆపై జియోనేమ్స్ (ప్రపంచంలోని ఊళ్ల పేర్ల డేటాబేసు) ఇచ్చే సంఖ్య, అక్షాంశం, రేఖాంశం. జియోనేమ్స్‌లో ఇంగ్లండ్ లండన్ 2643743, ఒంటారియో లండన్ 6058560. ఈ సంఖ్యలు ఏ భాషలో రాసినా మారవు. చైనా ఊళ్లకు ఇది ఇంకా అవసరం. జియాంగ్సు, అన్హుయ్ రెండిట్లోనూ సుజౌ అనే నగరాలున్నాయి. చైనా లిపిలో వాటి అక్షరాలు వేరు, రోమన్‌లోకో తెలుగులోకో వస్తే ఒకటైపోతాయి. జపాన్‌లో తిరగబడి, లిపితో సహా ఒకటే అయిన నగరాల జంటలు రెండున్నాయి: టోక్యోలోనూ హిరోషిమాలోనూ ఫుచూ, హొక్కైదోలోనూ ఫుకుషిమాలోనూ దాతె. మిగతాచోట్ల వాళ్లు పాత రాష్ట్రం పేరు ముందు తగిలించి చిక్కు తప్పించారు, ఫుకుషిమాలో కోరియామా ఉంది కాబట్టి నారాలోది యమతో-కోరియామా అయింది.

మ్యాపు సర్వీసుకు ఉత్త పేరు ఇస్తే అది తనకు ముఖ్యమనిపించిన ఊరిని, ఎక్కువగా జనాభా పెద్దదాన్ని, నిశ్శబ్దంగా ఎంచుకుంటుంది. అందుకే ఫలితంలో మొదటిదాన్నే తీసుకోకుండా, ఒకటికి మించి వచ్చిన ప్రతి వరుసకూ జెండా పెట్టి మనిషి చేత చూపించండి. ఫోటోలకూ ఇదే సూత్రం. 2008లో ఇంగ్లండ్ బర్మింగ్‌హామ్‌లో రీసైక్లింగ్ కోసం పంచిన 7,20,000 కరపత్రాల మీద అచ్చయింది అలబామా బర్మింగ్‌హామ్ భవనాల వరుస.

అక్షాంశ రేఖాంశాలు ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉండకండి. ఒంటారియో లండన్ 42.98 ఉత్తరం, మైనస్ 81.25. మైనస్ ఎగిరిపోతే చుక్క చైనాలోని షిన్‌జియాంగ్‌లో పడుతుంది. మైనస్ ఉండి రెండు సంఖ్యలూ తారుమారైతే అంటార్కిటికా మంచులో పడుతుంది, కొన్ని ఫార్మాట్లలో రేఖాంశం ముందు రాస్తారు కాబట్టి ఇది తరచూ జరిగేదే. జాబితా పూర్తయ్యాక చుక్కలన్నీ ఒక మ్యాపు మీద వేసి, ముందు సముద్రంలో పడినవీ, మంచులో పడినవీ, సున్నా-సున్నా దగ్గర ఆఫ్రికా పక్క నీళ్లలో పోగైనవీ ఏరండి. ఆ తర్వాత ప్రతి వరుసలో రాసిన దేశమూ, చుక్క పడిన దేశమూ ఒకటేనా అని పోల్చండి. 'సేలం, ఐఎన్' లాంటివి మాత్రం ఆ జల్లెడలోనూ ఆగవు, తప్పు దేశం రాసి అదే దేశంలో చుక్క పెట్టి ఉంటారు కనుక. వాటికి పోస్టల్ కోడు అంకెలు లెక్కపెట్టండి: ఇండియానాలో అయిదు, తమిళనాడులో ఆరు.